ఈపీసీనా, శాతం టెండరా? వాగు మీద వంతెన పని ఎలా పిలవాలి

ప్రశ్న క్లుప్తంగా ఇది. రోడ్ల శాఖలో చేరి ఎక్కువ కాలం కాని ఒక ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) అడిగారు. వాళ్ల సబ్ డివిజన్‌లో వాగు మీద ఉన్న పాత కాజ్‌వే ప్రతి వానాకాలం మునిగిపోతోంది. దాని బదులు హైలెవల్ వంతెన మంజూరైంది, అంచనా 60 కోట్ల పైచిలుకు. పై అధికారుల్లో ఒకరు ఈపీసీలో (డిజైన్ నుంచి నిర్మాణం దాకా అంతా ఒకే కాంట్రాక్టరుకు ఒకే ధరకు అప్పగించే పద్ధతి) పిలుద్దామంటున్నారు, మరొకరు ఎప్పటిలా శాతం టెండరే (శాఖ ఎస్టిమేటు మీద ఇంత శాతం తక్కువో ఎక్కువో వేసేది) మేలంటున్నారు. "ఎల్1కి, అంటే అతి తక్కువ ధర వేసినవాడికి, ఇచ్చేయడం తప్ప మనకు వేరే దారే లేదా? బయట దేశాల్లో డిజైన్-బిల్డ్ (డిజైన్, నిర్మాణం ఒకరికే), బెస్ట్ వాల్యూ (ధరతోపాటు నాణ్యతకూ మార్కులు) అంటున్నారు. అవి మన దగ్గర పనికిరావా?"

ఏఈఈ గారూ,

నేను శాఖలో ఉన్నంతకాలం ఎక్కువగా శాతం టెండర్ల పనులే చేయించాను. రిటైరయ్యాక అథారిటీ ఇంజినీర్ (ప్రభుత్వం తరఫున పనిని పర్యవేక్షించే కన్సల్టెంటు) టీముల్లో ఈపీసీ, హ్యామ్ (కొంత డబ్బు కంపెనీయే తెచ్చి కట్టే పద్ధతి, కింద చెప్తాను) రోడ్ల మీద పనిచేశాను. రెండు వైపులా తిట్లు తిన్నవాణ్ణి కాబట్టి ఏ పద్ధతి మీదా నాకు ప్రత్యేకమైన మోజు లేదు.

సూటిగా జవాబు చెప్పాలంటే, మీ వంతెనకు ఈపీసీ పనికొస్తుంది. కానీ టెండరు పిలిచే రోజుకు ప్రతి పియర్ (వంతెన స్తంభం) దగ్గరా బోరు వేసిన రిపోర్టు, హైడ్రాలిక్ లెక్కలు, అప్రోచ్ రోడ్లకు భూమి మీ చేతిలో ఉండాలి. "అవేవీ ఇంకా కాలేదు, అందుకే ఈపీసీలో పిలిచేద్దాం, అన్నీ కాంట్రాక్టరే చూసుకుంటాడు" అనే మాట మన ఆఫీసుల్లో తరచూ వినిపిస్తుంది. మన రెండు రాష్ట్రాల్లో ఈపీసీకి వచ్చిన చెడ్డపేరులో సగం ఈ మాట వల్ల వచ్చిందే. శాతం టెండరుకు శాఖ చేయాల్సిన హోంవర్క్ ఎంతో, ఈపీసీకి అంతకంటే ఎక్కువ. దీన్ని తలకిందులుగా అర్థం చేసుకున్నాం.

శాతం టెండరు సంగతి మీకు తెలుసు, చదివే మిగతావాళ్ల కోసం రెండు మాటలు. ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వ ప్రామాణిక రేట్ల పట్టిక) రేట్లతో శాఖే ఎస్టిమేటు వేస్తుంది. ఏ ఐటమ్ ఎంత పరిమాణమో, ఏ రేటో మనమే రాసి ఈసీవీ, అంటే అంచనా కాంట్రాక్టు విలువ, ప్రకటిస్తాం. కాంట్రాక్టరు ఐటమ్‌వారీగా రేట్లు వేయడు. మొత్తం మీద ఇంత శాతం లెస్, లేదా ఇంత శాతం ఎక్సెస్ అని ఒకే అంకె వేస్తాడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జులై 1న వచ్చిన జీవో 94 దీనికి హద్దులు పెట్టింది. 5 శాతానికి మించి ఎక్సెస్ వేస్తే ఆ టెండరు తీసుకోరు. 25 శాతం దాటి లెస్ వేస్తే ఆ తేడాకు అదనంగా సెక్యూరిటీ కట్టాలి.

ఈ పద్ధతిలో చాలామంది గమనించని మేలు ఒకటుంది. ఐటమ్ రేటు టెండర్లలో తెలివైన కాంట్రాక్టరు మొదట్లో జరిగే మట్టిపనికి ఎక్కువ రేటు, చివర్లో వచ్చే పనులకు తక్కువ రేటు వేసి డబ్బు ముందే లాగేసుకుంటాడు. మన ఎస్టిమేటులో ఏ ఐటమ్ పరిమాణం తక్కువ పడిందో పసిగట్టి దాని రేటు పెంచేస్తాడు. శాతం టెండరులో ఆ ఆట సాగదు. అయితే 22 శాతం లెస్ వేసినవాడు ఆ డబ్బు ఎక్కడ పూడ్చుకోబోతున్నాడో కూడా మనకు కనపడదు. అది తర్వాత సప్లిమెంటల్ ఐటమ్స్‌గా (ఎస్టిమేటులో లేని అదనపు పనులు), వర్క్ స్లిప్పులుగా (పరిమాణాల మార్పుల లెక్క), చివరికి రివైజ్డ్ ఎస్టిమేటుగా బయటపడుతుంది. పునాదిలో రాయి అనుకున్నదానికంటే మూడు మీటర్లు కింద తగిలిందంటే ఆ ఖర్చంతా శాఖదే. డ్రాయింగ్ మనది, పరిమాణాలు మనవి, కాంట్రాక్టరును అనడానికి ఏమీ లేదు. ఎం-బుక్‌లో (కొలతల పుస్తకంలో) కొలిచి ఇవ్వాల్సిందే.

ఈపీసీలో డిజైన్ కాంట్రాక్టరుది, పరిమాణాలూ అతనివే, ధర మొత్తానికి ఒకటే. ఇల్లు కట్టించినవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. సిమెంటు, ఇనుము మనం కొని మేస్త్రీకి కూలి ఇవ్వడం ఒక పద్ధతి, చదరపు అడుగుకు ఇంత అని మొత్తం అప్పగించడం ఇంకో పద్ధతి. మొత్తం అప్పగించినప్పుడు కాగితంలో "మంచి టైల్స్" అని రాసుకుంటే చివర్లో గొడవ తప్పదు. ఈపీసీ ఒప్పందంలోనూ ఇదే తిరకాసు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ వాడే నమూనాలో షెడ్యూల్-ఎ సైటు గురించి, షెడ్యూల్-బి ఏం కట్టాలో, షెడ్యూల్-సి అదనపు సౌకర్యాలు, షెడ్యూల్-డి ప్రమాణాలు, షెడ్యూల్-హెచ్ ఏ దశకు ధరలో ఎంత వాటా చెల్లించాలో చెబుతాయి. ఈ షెడ్యూళ్లు రాసే పని మన దగ్గర చాలాసార్లు డీపీఆర్ (సవివర ప్రాజెక్టు నివేదిక) కన్సల్టెంటు దగ్గర కొత్తగా చేరిన కుర్రాడికి పడుతుంది. పై సంతకాలు చేసేవాళ్లు చివరి పేజీ ధర చూస్తారు, షెడ్యూల్-బి చదవరు.

నేను పనిచేసిన ఒక ఈపీసీ రోడ్డు సంగతి చెప్తాను, ఊరూ కంపెనీ పేర్లు అనవసరం. ఒక గ్రామం దగ్గర రోడ్డు మట్టం రెండు మనుషుల ఎత్తు లేచింది. రోడ్డు దాటి పొలాలకు వెళ్లే బండ్ల దారికి అండర్‌పాస్ షెడ్యూల్-బిలో రాయలేదు. ఎందుకు రాయలేదంటే సర్వేకి వచ్చినవాళ్లు ఆ దారిలో దిగి చూడలేదు. కట్ట పోయడం మొదలయ్యేసరికి ఊరివాళ్లు వచ్చి ట్రాక్టర్లు అడ్డం పెట్టారు. వాళ్ల తప్పేం లేదు. కాంట్రాక్టరు "నా షెడ్యూల్‌లో లేదు, చేంజ్ ఆఫ్ స్కోప్ ఇవ్వండి" అన్నాడు, అంటే అదనపు పనికి అదనపు ధర. అతని తప్పూ లేదు. ఆ ఫైలు ఆమోదమై తిరిగొచ్చేసరికి పని ఆగిన నెలలకు ఈఓటీ (గడువు పొడిగింపు)తో పాటు మిషన్లు ఖాళీగా ఉన్నందుకు వేసిన క్లెయిము ఆ అండర్‌పాస్ ఖర్చును దాటిపోయింది. అదే పని శాతం టెండరులో ఉంటే ఒక సప్లిమెంటల్ ఐటమ్‌తో సాగిపోయేది. అంటే ఈపీసీలో మనం ముందు మర్చిపోయినదానికి తర్వాత కట్టే ధర ఎక్కువ. "ఈపీసీలో ఖర్చు పెరగదు" అనేవాళ్లు చెప్పని సగం ఇది.

నీటిపారుదలలో మనం దీన్ని చాలా పెద్ద ఎత్తున చూశాం. 2004 తర్వాత జలయజ్ఞంలో 80కి పైగా ప్రాజెక్టులు చేపట్టారు, పెద్ద పనులెన్నో ఈపీసీలో వెళ్లాయి. శాఖ ప్రాథమిక లెక్కలతో ఐబీఎం విలువ, అంటే ఇంటర్నల్ బెంచ్ మార్క్, ఒకటి వేసుకుని టెండరు పిలిచేది. సర్వే, ఇన్వెస్టిగేషన్, డిజైన్ అన్నీ పని దక్కాక కాంట్రాక్టరు చేయాలి. ఆలోచిస్తే ఇందులో చిక్కు వెంటనే కనపడుతుంది. కాల్వ ఎక్కడి నుంచి పోతుందో కచ్చితంగా తెలియకుండానే ఇద్దరూ ధర మీద సంతకం పెట్టేశారు. తర్వాత కాంట్రాక్టరు డిజైనులో పరిమాణం తగ్గితే "ప్రభుత్వ సొమ్ము మిగుల్చుకున్నాడు" అని ఆడిట్ ప్రశ్న. పెరిగితే "ఇది స్కోపు మార్పు" అని కాంట్రాక్టరు వాదన. పైగా భూమి లేదు, అటవీ అనుమతి లేదు. సరైన ఇన్వెస్టిగేషన్, అనుమతులు, భూమి లేకుండానే పనులు అప్పగించారని కాగ్ జలయజ్ఞం మీద ఇచ్చిన 2012 నివేదికలో తప్పుపట్టింది. ధర పెరగదని చెప్పి పిలిచిన ఆ పాత ఒప్పందాలకే, విభజన తర్వాత 2015లో ఆంధ్రప్రదేశ్ జీవో 22 ఇచ్చి ధరల పెరుగుదల చెల్లించడానికి దారి తీయాల్సి వచ్చింది.

భూమి కింద జరిగే పనులైతే ఈ చిక్కు ఇంకా పెద్దది. శ్రీశైలం ఎడమగట్టు కాల్వ సొరంగం చూడండి. దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం, 2005లో ఈపీసీలో అప్పగించారు, గడువు అయిదేళ్లు. పైన పులుల అభయారణ్యం, కాబట్టి మధ్యలో ఎక్కడా షాఫ్టులు దించే వీల్లేదు, రెండు చివరల నుంచి టీబీఎంలతో (సొరంగం తొలిచే యంత్రాలతో) తొలుచుకుంటూ పోవాలి. లోపల ఏ రాయి ఉందో, ఎక్కడ నీరు ఉబుకుతుందో ఆ ధర వేసిన రోజున ఎవరికీ పూర్తిగా తెలియదు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు సుమారు 14 కిలోమీటర్ల లోపల పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. అప్పటికి ఒప్పందం అయి ఇరవై ఏళ్లు కావస్తున్నా తొమ్మిది కిలోమీటర్లకు పైగా తవ్వాల్సింది మిగిలే ఉంది. కాంట్రాక్టు పద్ధతి వల్ల ప్రమాదం జరిగిందని నేను అనడం లేదు, అది వేరే విచారణ. నేల ఎలా ఉందో తెలియని పనిని ఒకే ధరకు, ఒకే గడువుకు కట్టేయడం ఎంత కష్టమో చెప్పడానికే ఈ ఉదాహరణ.

అంతర్జాతీయంగా ఫిడిక్ అనే సంస్థ ఇలాంటి ఒప్పంద నమూనాలు తయారుచేస్తుంది. వాటిలో సిల్వర్ రకం మన ఈపీసీకి దగ్గర, రిస్కంతా కాంట్రాక్టరు మీదే. అయితే ఆ నమూనా ముందుమాటలోనే ఒక హెచ్చరిక ఉంది. బిడ్డర్లకు సమాచారాన్ని పరిశీలించుకునే సమయం లేకపోయినా, పనిలో భూగర్భ పని ఎక్కువగా ఉన్నా ఇది వాడొద్దని. అందుకే 2019లో సొరంగాల వంటి పనుల కోసం ఎమరాల్డ్ రకం విడిగా తెచ్చారు. దాని కిటుకు సులువు. భూమి కింద ఏం ఉంటుందని అనుకుంటున్నామో ముందే ఒక బేస్‌లైన్ రిపోర్టులో రాస్తారు. అంతకంటే నేల చెడ్డగా ఉంటే ఖర్చు యజమానిది, ఆ అంచనాకు లోబడి ఉన్నంతవరకు కాంట్రాక్టరుది. మీ వంతెన చిన్నదే కావచ్చు, కానీ ఈ కిటుకు మీకు పనికొస్తుంది. చివర్లో మళ్లీ చెప్తాను.

ఇక మీరు అడిగిన ఎల్1 సంగతి. దీనికి బయటి ఉదాహరణల్లో నాకు బాగా నచ్చినది అమెరికాలోని మినియాపోలిస్ ఐ-35డబ్ల్యూ వంతెన. 2007 ఆగస్టు 1న సాయంత్రం ట్రాఫిక్‌లో అది మిసిసిపి నదిలోకి కూలి 13 మంది చనిపోయారు. కొత్త వంతెనకు మినెసోటా రవాణా శాఖ డిజైన్-బిల్డ్‌లో, బెస్ట్ వాల్యూ పద్ధతిలో పిలిచింది. సూత్రం ముందే ప్రకటించారు. కోట్ చేసిన ధరకు, పని రోజులు ఒక్కోదానికి 2 లక్షల డాలర్లు కలిపి, వచ్చిన మొత్తాన్ని టెక్నికల్ స్కోరుతో భాగించాలి. తక్కువ వచ్చినవాళ్లకు పని. నలుగురు వేశారు. అందరికంటే ఎక్కువ ధర, 23 కోట్ల 37 లక్షల డాలర్లు వేసిన ఫ్లాటిరన్-మాన్సన్ జట్టుకు పని దక్కింది. అతి తక్కువ వేసినవాళ్లది 17 కోట్ల 70 లక్షల డాలర్ల దగ్గర ఉంది. తేడా ఎలా వచ్చిందంటే ఫ్లాటిరన్ టెక్నికల్ స్కోరు 91.47, మిగతా ముగ్గురిలో ఎవరూ 70 కూడా దాటలేదు. లెక్క కడితే ఫ్లాటిరన్‌కు సుమారు 35 లక్షలు వస్తుంది, రెండో స్థానంలో ఉన్నవాళ్లకు 38 లక్షలు. మన ఆఫీసుల్లో ఇలాంటి ఫైలు మీద సంతకం పెట్టే మనిషిని ఊహించుకోండి!

కేసు పడకుండా పోలేదు. కొందరు పన్ను చెల్లింపుదారులు కోర్టుకెళ్లారు, ఎంపికైనవాళ్ల ప్రతిపాదన టెండరు షరతులకు లోబడి లేదని వాదించారు. 2010లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు శాఖ నిర్ణయాన్నే నిలబెట్టింది. వంతెన మాత్రం ఒప్పందంలోని డిసెంబరు గడువుకు మూడు నెలల ముందే, 2008 సెప్టెంబర్ 18న తెరిచారు.

ఇది మన దగ్గర కుదరదని చట్టం ఏమీ అనడం లేదు. కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబర్‌లో ఇచ్చిన సూచనల ప్రకారం, తగిన స్థాయి అధికారి ఒక పనిని క్వాలిటీ ప్రధానమైనదిగా ప్రకటిస్తే నిర్మాణ పనులకు కూడా క్యూసీబీఎస్ (నాణ్యత, ధర రెండింటికీ మార్కులు వేసి ఎంచుకునే పద్ధతి) వాడొచ్చు. ధరేతర మార్కులకు గరిష్ఠంగా 30 శాతం వెయిటేజీ. అవి కేంద్ర శాఖలకు, కేంద్ర సంస్థలకు. రాష్ట్ర పనుల్లో మీరు ఇది వాడాలంటే రాష్ట్రం విడిగా ఆమోదించాలి. అసలు అడ్డంకి ఇంకోటి. మార్కులు వేసే కమిటీ రేపు విజిలెన్స్ ముందు ఒక్కో మార్కుకూ జవాబు చెప్పుకోగలగాలి. "అనుభవం: 10 మార్కులు" అని రాస్తే చెప్పుకోలేరు. "ఇదే రకం పునాదితో, ఇంత పొడవు స్పాన్‌తో, గడువులోగా పూర్తిచేసిన ఒక్కో వంతెనకు ఇన్ని మార్కులు" అని రాస్తే చెప్పుకోగలరు. మన టెండర్లలో టర్నోవరు, మిషన్ల లిస్టు, అనుభవం వంటివి ఇప్పుడు పాస్, ఫెయిల్ అని చూస్తున్నాం. పాసైనవాళ్లందరూ సమానమే అయిపోయి ధర ఒక్కటే మిగులుతోంది. రూపాయి తక్కువ వేసినవాడిదే పని.

ఎల్1ను ఇంకా ముందుకు తోస్తే రివర్స్ టెండరింగ్, అంటే బిడ్డర్లు పోటీపడి ధర తగ్గించుకుంటూ పోయే వేలం. 2019లో ఆంధ్రప్రదేశ్ దీన్ని పెద్దఎత్తున మొదలుపెట్టింది. పోలవరం హెడ్‌వర్క్స్, జలవిద్యుత్ కేంద్రం పనులకు కలిపి పిలిస్తే 12.6 శాతం లెస్‌కు మేఘా సంస్థకు దక్కింది, 628 కోట్లు మిగిలాయని ప్రభుత్వం చెప్పింది. 2024లో వచ్చిన ప్రభుత్వం ఆ విధానాన్ని రద్దు చేసింది. రాజకీయం పక్కనపెట్టి నా అభిప్రాయం చెప్పమంటే, పైపులు, కేబుళ్లు, కంప్యూటర్లు కొనేటప్పుడు రివర్స్ వేలం మంచిదే. డిజైన్ బాధ్యత కూడా ఉన్న పనికి అది పొసగదు. వేలంలో చివరి అరగంటలో తగ్గించిన ధర డిజైనులో ఎక్కడో ఒకచోట తగ్గుతుంది.

ధరతోపాటు కాలానికీ విలువ కట్టడం మాత్రం మనం నేర్చుకోవాల్సిన సంగతి. 1994 జనవరిలో లాస్ ఏంజెలిస్ దగ్గర నార్త్‌రిడ్జ్ భూకంపానికి శాంటా మోనికా ఫ్రీవే వంతెనలు కూలాయి. పని తీసుకున్న సి.సి. మైయర్స్ కంపెనీ 140 రోజుల గడువుకు ఒప్పుకుంది. ముందే ముగిస్తే రోజుకు 2 లక్షల డాలర్ల బోనస్, ఆలస్యమైతే అంతే జరిమానా. వాళ్లు 66 రోజుల్లో ముగించి 74 రోజుల బోనస్, అంటే ఒక కోటీ 48 లక్షల డాలర్లు తీసుకున్నారు. అది ఇంచుమించు అసలు కాంట్రాక్టు విలువతో సమానం. అయినా అది దుబారా కాదన్నారు. ఆ రోడ్డు మూతపడి ఉంటే రోజుకు పది లక్షల డాలర్ల నష్టమని అక్కడ లెక్క కట్టారు మరి. మన ఈపీసీ ఒప్పందాల్లోనూ ముందే ముగిస్తే బోనస్ అనే క్లాజు ఉంటుంది. కానీ భూమి ఇవ్వడమే ఆలస్యమయ్యేచోట ఆ క్లాజు కాగితం మీదే ఉండిపోతుంది.

పీపీపీ (ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్య) పద్ధతుల గురించి మీరు అడగలేదు, మీ వంతెనకు అవి అక్కర్లేదు కూడా. టోలు పెట్టే ట్రాఫిక్ అక్కడ ఉండదు. అయినా పై ఆఫీసుల్లో ఈ మాటలు వినిపిస్తుంటాయి కాబట్టి కొంచెం. హైదరాబాద్ మెట్రోకి 2008లో మేటాస్ నాయకత్వంలోని జట్టు ప్రభుత్వం నుంచి ఏమీ అడక్కపోగా 30,311 కోట్లు తామే ఎదురిస్తామని బిడ్ వేసి గెలిచింది. ఇది మెట్రో మీద ఆదాయం చూసి వేసిన ధర కాదని, కళ్లన్నీ భూముల మీదే ఉన్నాయని అప్పట్లోనే ఢిల్లీ మెట్రో అధిపతి శ్రీధరన్ బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. మేటాస్ సత్యం రాజు కుటుంబానిదే కాబట్టి 2009లో సత్యం కుంభకోణంతో అది కుప్పకూలింది. మళ్లీ పిలిస్తే 2010లో ఎల్ అండ్ టీ 1,458 కోట్ల వయబిలిటీ గ్యాప్ సాయం (ఆదాయం చాలని తేడాను పూడ్చే ప్రభుత్వ సాయం) అడిగి పని తీసుకుంది. 2017 నవంబర్‌లో రైలు మొదలైంది, 2020 ఫిబ్రవరికి 69 కిలోమీటర్లు పూర్తయ్యాయి, నెల తిరగ్గానే కోవిడ్. ప్రయాణికులు ఎందరొస్తారనే రిస్కు కంపెనీ మోసింది, ఆ రిస్కు దాని చేతుల్లో లేదు. 2025 సెప్టెంబర్‌లో అప్పుతో సహా ప్రాజెక్టును తెలంగాణ ప్రభుత్వం తీసుకోవడానికి ఒప్పందం కుదిరింది. ఇక్కడ ఇంజినీరింగ్ బాగానే ఉంది. దెబ్బతిన్నది రిస్కు పంపకం.

రోడ్ల మీద ఈ పాఠం ముందే నేర్చుకున్నారు. 2010 తర్వాత బీఓటీ (కంపెనీయే కట్టి, కొంతకాలం టోలు వసూలు చేసుకుని, తిరిగి అప్పగించే) టోల్ రోడ్లు వరసగా మూలపడ్డాయి, బ్యాంకుల అప్పులు మొండిబకాయిలయ్యాయి. అందుకే 2016లో కేంద్రం హ్యామ్ తెచ్చింది. ఉదాహరణకు బిడ్ విలువ 1,000 కోట్లు అనుకుంటే, కట్టేటప్పుడే 400 కోట్లు ప్రభుత్వం దశలవారీగా ఇస్తుంది. మిగతా 600 కోట్లు కంపెనీ తెచ్చుకుంటుంది, దాన్ని వడ్డీతో కలిపి 15 ఏళ్లపాటు ఆరు నెలలకోసారి ప్రభుత్వం తిరిగి చెల్లిస్తుంది. టోలు ప్రభుత్వానిదే, ట్రాఫిక్ రిస్కూ ప్రభుత్వానిదే. నిర్వహణ కంపెనీదే కాబట్టి నాసిరకం వేస్తే తనకే నష్టం, ఇది నాకు హ్యామ్‌లో నచ్చే భాగం. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వం రాష్ట్ర రోడ్లకూ హ్యామ్ అంటోంది. టోలు లేని ఊరి రోడ్లకు హ్యామ్ అంటే 15 ఏళ్ల బడ్జెట్లను ఇప్పుడే తాకట్టు పెట్టడం, ఆ లెక్క చూసుకునే దిగాలి. కట్టేసిన రోడ్డును అద్దెకిచ్చే టీఓటీ ఇంకో రకం. 2018లో జాతీయ రహదారుల సంస్థ తొలి టీఓటీలో ఆంధ్రప్రదేశ్, గుజరాత్ రోడ్లను 30 ఏళ్లకు మాక్వరీకి 9,681 కోట్లకు ఇచ్చింది. హైదరాబాద్ ఔటర్ 158 కిలోమీటర్లు 2023లో 7,380 కోట్లకు ఐఆర్‌బీకి వెళ్లింది. దాన్ని నిర్మాణ పద్ధతి అనడానికి లేదు, అది డబ్బు సమకూర్చుకునే దారి.

కాంట్రాక్టరును డిజైన్ దశలోనే పిలిచి సలహా తీసుకుని, తర్వాత ధర మాట్లాడుకునే సీఎంజీసీ, లాభనష్టాలు పంచుకునే అలయన్స్ వంటివి కూడా ఉన్నాయి. చదవడానికి బాగుంటాయి. టెండరు తెరవకముందే కాంట్రాక్టరుతో కూర్చున్నామంటే మన దగ్గర ఏమవుతుందో మీకు తెలుసు, కాబట్టి వదిలేద్దాం.

ఏ పద్ధతికైనా ఇంకో గట్టి దెబ్బ బిల్లుల ఆలస్యం. నెలల తరబడి బిల్లు రాని శాఖలో పనిచేసే కాంట్రాక్టరు ఆ వడ్డీని టెండరులోనే వేసుకుంటాడు, లేదా పనిలో కోసుకుంటాడు. ఇందాక చెప్పిన 2021 సూచనల్లోనే, బిల్లు పెట్టిన పది పనిదినాల్లో కనీసం 75 శాతం చెల్లించాలని ఉంది. ఇది రాష్ట్రాల్లో నిజంగా అమలైతే ఈ పద్ధతుల చర్చలో సగం అక్కర్లేదని నా నమ్మకం. డబ్బున్న, పరువున్న పెద్ద కంపెనీలు చిన్న జిల్లా పనులకు ఎందుకు రావో వాళ్లను అడిగితే మొదట చెప్పేది ఇదే.

ఇప్పుడు మీ వంతెన. నేనైతే ఇలా చేస్తాను.

టెండరు కంటే ముందు ప్రతి పియర్, అబట్‌మెంట్ (వంతెన చివరి ఆనుగోడ) దగ్గర బోరు వేయించండి. మొత్తం ఖర్చులో అది ఏ మూలకూ రాదు. రెండు చివరల రెండు బోర్లు వేసి మధ్యలో గీత గీయొద్దు, వాగుల్లో రాయి ఒక్కసారిగా దిగిపోతుంది. పాత వరదల గుర్తులు ఊళ్లో పెద్దవాళ్లను అడిగి రాసుకోండి. గుడి మెట్ల దాకా వచ్చిందనో, ఫలానా ఇంటి గోడ తడిసిందనో వాళ్లు చెప్పేది గేజి రీడింగు లేని వాగుకు మీ ఏకైక రికార్డు. అప్రోచ్‌ల భూసేకరణ అయ్యాకే అగ్రిమెంటు చేయండి. జాతీయ రహదారుల ఈపీసీలోనే 90 శాతం స్థలం చేతికివ్వనిదే పని మొదలైనట్టు లెక్కించరు. రెండు వైపులా కలిపి ఒక కిలోమీటరు కూడా లేని మీ పనికి 100 శాతం ఎందుకు పెట్టుకోకూడదు?

ఇవన్నీ చేతికొచ్చాక, మీ డిజైన్ విభాగానికి తీరిక, చేయగలిగిన మనుషులు ఉంటే శాతం టెండరు చాలు. 60 కోట్ల మామూలు వంతెనకు అందులో తప్పేమీ లేదు. లేరనుకుంటే ఈపీసీకి వెళ్లండి. అయితే పునాదిని ఆ ఒకే ధర నుంచి కొంత విడదీయండి. బోరు రిపోర్టుల ఆధారంగా ప్రతి పియర్‌కు పునాది లోతు ఇంత అని బేస్‌లైన్ పెట్టి, అంతకంటే లోతు పెరిగినా తగ్గినా మీటరుకు ఇంత చొప్పున కలపడానికి, తీసేయడానికి టెండరులోనే రేటు అడగండి. ఈ రేటును మూల్యాంకనంలో కలపకపోతే కాంట్రాక్టరు దాన్ని ఆకాశంలో పెడతాడు, అది మర్చిపోవద్దు. షెడ్యూల్-బిలో కనీస లీనియర్ వాటర్‌వే (వంతెన కింద నీరు పారే వెడల్పు), డెక్ అడుగు మట్టం, గరిష్ఠ స్కవర్ (వరద నేలను కోసే లోతు) కింద పునాది కనీస లోతు, క్యారేజ్‌వే వెడల్పు అంకెలతో రాయండి. ఇవి మీరు రాయకపోతే తక్కువ ధర కోసం స్పాన్లు కుదించేస్తారు, వచ్చే వరదకు వంతెన ఉంటుంది గానీ అప్రోచ్ కొట్టుకుపోతుంది. డిజైన్ ప్రూఫ్ చెకింగ్ (స్వతంత్రంగా మళ్లీ సరిచూడటం) ఏ ఐఐటీతోనో, వరంగల్ ఎన్‌ఐటీతోనో మీ శాఖే నేరుగా చేయించాలి, ఫీజు కాంట్రాక్టరు చేత కట్టించొద్దు. షెడ్యూల్-హెచ్‌లో పునాదులకు వాటా మరీ ఎక్కువ పెడితే అక్కడి డబ్బు తీసుకుని డెక్ దగ్గర నిద్రపోతారు. డెక్, అప్రోచ్‌లకు తగినంత ఉంచండి.

బిడ్డర్లకు కనీసం నెలన్నర సమయం ఇవ్వండి. టెండరు ఏ నెలలో తెరుస్తున్నారో చూసుకోండి, మే నెలలో అగ్రిమెంటు అయితే మొదటి సీజను పోయినట్టే. అక్టోబరు, నవంబరు కల్లా కాంట్రాక్టరు వాగులోకి దిగాలి. ప్రీ-బిడ్ సమావేశంలో వచ్చిన ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబిచ్చి, అవి అగ్రిమెంటులో భాగమని రాయండి. బోరు రిపోర్టులు వచ్చాక పియర్‌వారీగా రాయి తగిలిన లోతులు ఇక్కడ పెట్టండి, బేస్‌లైన్ క్లాజు ఎలా రాయాలో అప్పుడు చూద్దాం.